అరవై ఏళ్ల ట్రెయిలర్‌కి ఏసీ పెట్టుకున్నాం: పద్నాలుగు వారాల కథ

మే 25, 2024, శనివారం. రాత్రి ఏడున్నరకి క్యాంప్‌గ్రౌండ్‌లో మా ట్రెయిలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు, ఆపి తలుపు తీశాను. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ముఖానికి ఆవిరి కొట్టింది. గోడకి అంటించిన చిన్న థర్మామీటరు 98 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, మన లెక్కలో 36 పైమాటే, బయటేమో అప్పటికే 88కి దిగింది. పగలంతా ఎండ తాగిన అల్యూమినియం రేకు పొద్దు వాలాక ఆ వేడంతా మెల్లగా లోపలికి వదులుతోంది. నాన్న మంచం మీద కూర్చుని, చెయ్యెత్తి పైకప్పు తడిమి చూసి, "ఒరేయ్, ఇది రేకుల షెడ్డురా. కింద చక్రాలు పెట్టారంతే" అన్నారు.

పదకొండింటి దాకా బయట కుర్చీల్లో కూర్చున్నాం. దోమలు. చుట్టుపక్కల కొత్త ట్రెయిలర్ల మీద ఏసీలు హాయిగా హోరుమంటున్నాయి. ఒంటిగంటకి సామాను సర్దుకుని ఇంటికొచ్చేశాం. దారిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం ఒక్క మాట అంది: "ఏసీ పెట్టిస్తారా, అమ్మేస్తారా, ఏదో ఒకటి తేల్చండి."

మాది 1964 నాటి షాస్తా ఎయిర్‌ఫ్లైట్. పదహారు అడుగులు. వెనక రెండు పక్కలా రేకు రెక్కలుంటాయే, అదే. ఆ రెక్కలు చూసే రెండేళ్ల కిందట కొన్నాను, బుద్ధి చూసి కాదు. ఉండేది టెక్సస్‌లో కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా అది ఇంటి పక్కన అలంకారంగా పడి ఉండేది. ఏప్రిల్లో అమ్మానాన్న ఆరు నెలలకి వచ్చారు, వాళ్లకి నాలుగు ఊళ్లు చూపిద్దామనుకున్నాం, ఆ మొదటి ట్రిప్పే ఇలా అయింది.

ఏసీ పెట్టుకోవడం అంటే ఏసీ కొనడం అనుకున్నాను. చివరికి లెక్క చూస్తే మొత్తం ఖర్చులో ఏసీ వాటా పదో వంతు. మిగతా అంతా దేనికి పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మే 28 నుంచి ట్రెయిలర్ రిపేరు షాపులకి ఫోన్లు. మొదటతను ఏ సంవత్సరం మోడలని అడిగి, 1964 అనగానే నవ్వి, పదేళ్లు దాటినవి మేం ముట్టుకోం అన్నాడు. రెండో షాపు ఒప్పుకుంది కానీ ఐదు వారాలు ఆగాలంది, పైకప్పు ఏసీతో కలిపి 2,600 డాలర్లు అవుతుందని, "లోపల కర్ర పాడైపోయి ఉంటే అది వేరే" అని అంచనా చెప్పింది. ఆ చివరి మాట నా చెవిన పడలేదు. మూడో షాపు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తామన్నారు, ఇప్పటిదాకా చెయ్యలేదు.

సరే, మనమే చేసుకుందాం అనిపించింది. ఎందుకంటే పైకప్పు మీద గాలి కోసం 14 అంగుళాల చదరపు కంత ముందే ఉంది, ఈనాటి పైకప్పు ఏసీలు దాదాపు అన్నీ సరిగ్గా ఆ 14 అంగుళాల కంతకే తయారవుతాయి. పాత మూత పీకి, ఏసీ పైన కూర్చోబెట్టి, కింద నుంచి నాలుగు బోల్టులు బిగించడమే. వీడియోల్లో అయితే గంటన్నర పని. జూన్ 3న 13,500 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ ఆర్డర్ పెట్టాను, 849 డాలర్లు. 11న వచ్చింది. డబ్బా గ్యారేజీలోకి జరపడానికి నేనూ నాన్నా కలిసి అవస్థపడ్డాం.

జూన్ 15 పొద్దున్నే, ఎండెక్కక ముందే, లోపలి వైపు మూత చుట్టూ ఉన్న చట్రం విప్పాను. ఆ చట్రం వెనక ఉండాల్సింది ముప్పావు అంగుళం మందం, అంగుళంన్నర వెడల్పు ఉన్న కర్ర. ఈ ట్రెయిలర్ అస్థిపంజరం అంతా అలాంటి సన్నటి కర్రలే. స్క్రూడ్రైవర్‌తో ఒకసారి పొడిచి చూశాను. పిడి దగ్గర దాకా దిగింది. బలం పెట్టలేదు, తడిసిన అట్టముక్కలోకి దిగినట్టు దానంతటదే దిగింది. బయటికి లాగితే దాని వెంట నల్లటి పొడి రాలి నా కళ్లద్దాల మీద పడింది. కంత నాలుగు వైపుల్లో రెండు వైపుల కర్ర అలాగే ఉంది. ఎన్నేళ్ల నుంచి నీళ్లు దిగుతున్నాయో ఏమో, లోపల ప్లైవుడ్ మీద పెయింటు మాత్రం చక్కగా తెల్లగా మెరుస్తోంది.

నాన్న కింద నిలబడి, "డబ్బా మీద బరువెంతని రాశాడు?" అని అడిగారు. ఏసీ ఒక్కటే 40 కిలోల దాకా ఉంది. "రెండు ఇరవై కిలోల బియ్యం బస్తాలు నెత్తిన పెడితే ఇది రోడ్డు మీద ఊగకుండా ఉంటుందా?" ఇంకేం మాట్లాడను. పైగా దీని పైకప్పు వంపు తిరిగి ఉంటుంది, ఏసీకేమో చదును కావాలి. అన్నీ ముందే తెలియాల్సినవే. జూన్ 17న వాపసు పంపాను, పదిహేను శాతం కోసుకున్నారు, 127 డాలర్లు. పైకప్పుకి ప్రస్తుతానికి పాత బంకంతా గీకేసి, బ్యూటైల్ టేపు వేసి, మీద సీలెంట్ పోసి నీళ్లు ఆపాను. కర్రలు మార్చే పని చలికాలానికి వాయిదా.

తర్వాత నాలుగైదు రోజులు మిగతా దారులు చూశాను. స్నేహితుడి దగ్గర ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ ఉంటే అడిగి తెచ్చాను. జూన్ 18న రెండు గంటలు నడిపితే 93 నుంచి 89కి దిగి అక్కడే మొండికేసింది. కారణం తర్వాత అర్థమైంది: అది లోపలి గాలినే గొట్టంలోంచి బయటికి తోస్తుంది, తోసినంత గాలీ మళ్లీ ఏదో సందులోంచి లోపలికి రావాల్సిందే, వచ్చేది బయటి వేడిగాలి. మా కిటికీలు అడ్డంగా గాజు పలకలు పేర్చిన పాతకాలపువి, వాటికి సందులు కొదవా!

స్ప్లిట్ ఏసీ గురించీ ఆలోచించాను. బయటి యూనిట్ ముందు గ్యాస్ సిలిండర్ ఉండే ఇనుప చట్రం మీద బిగిస్తారు, కొందరు చాలా బాగా చేసుకున్నారు. కానీ రాగి గొట్టాల జాయింట్లు రోడ్డు కుదుపులకి ఎన్నాళ్లు నిలబడతాయోనని భయమేసింది. పైగా అమెరికాలో ఏసీని చల్లబరిచే గ్యాస్ లైన్లు ముట్టుకోవాలంటే ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) 608 సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కావాలి. ప్రతిసారీ వాళ్ల కోసం ఎక్కడ తిరగను?

చివరికి మిగిలింది మామూలు కిటికీ ఏసీ. 6,000 బీటీయూ, 239 డాలర్లు, పాతిక కిలోల లోపే. పైకప్పు ఏసీ నడుస్తున్నప్పుడు 12, 13 ఆంప్స్ లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. ఇది ఐదు లోపే. ఒక్క మాట, ఏసీ ఎంచుకునేటప్పుడు నేను చేసిన ఏకైక తెలివైన పని ఇదే: రిమోట్, డిస్‌ప్లే ఉన్నది కాకుండా చేత్తో తిప్పే నాబ్‌లది తీసుకున్నాను. కరెంటు పోయి వస్తే అది ఆగిన చోట నుంచి దానంతటదే మొదలవుతుంది.

ఇక అసలు భయం పుట్టిన రోజు. జూన్ 22, శనివారం. ముందు రోజు రాత్రి వాన పడింది. కొత్త ఏసీని ట్రెయిలర్ లోపల నేల మీదే పెట్టి, ఊరికే నడుస్తుందో లేదో చూద్దామని ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి ట్రెయిలర్‌కి కరెంటిచ్చాను. మా అమ్మాయి చెప్పుల్లేకుండా తడి గడ్డిలో నడుచుకుంటూ వచ్చి తలుపు పిడి పట్టుకుని చటుక్కున వదిలేసింది. "నాన్నా, తలుపు జివ్వుమంటోంది."

నేను ఏదో స్టాటిక్ అనుకుని కొట్టిపారేయబోయాను. నాన్న మాత్రం కుర్చీలోంచి లేచారు. ఆయన ముప్పై నాలుగేళ్లు కరెంటు ఆఫీసులో పని చేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. "ముందు ప్లగ్ పీకు" అన్నారు, ఆ గొంతు నేను పదో తరగతి తర్వాత మళ్లీ వినలేదు. పిల్లని లోపలికి పంపి, నా చేత పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి తడి మట్టిలోకి దింపించారు. తర్వాత రబ్బరు బూట్లు వేసుకుని మళ్లీ కరెంటిచ్చి, మల్టీమీటర్ ఒక కొస ఆ స్క్రూడ్రైవర్‌కి, ఇంకో కొస ట్రెయిలర్ రేకుకి ఆనించాం. 47 వోల్టులు. ట్రెయిలర్ ఒళ్లంతా కరెంటు. టైర్లు రబ్బరువి కాబట్టి అది భూమిలోకి పోయే దారి లేదు, ఎవరైనా తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే వాళ్లే దారి.

"ఎర్తింగ్ ఏదిరా దీనికి?" అని అడిగారు. వెతికితే లేదు. 1964లో వేసిన వైరింగ్ అది, రెండే తీగలు, బయట గోడకి రెండు పుల్లల ప్లగ్గు. నేనేమో మూడు పుల్లల ఎక్స్‌టెన్షన్‌కి అడాప్టర్ తగిలించి రెండేళ్లుగా వాడుతున్నాను! ఫ్యాను, లైట్లు, ఫోన్ చార్జర్ తప్ప ఏమీ పెట్టలేదు కాబట్టి తెలియలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల చెయ్యి అలాగే పిడికి అతుక్కుపోయి ఉంటే అన్న ఆలోచన ఒకటే తిరిగింది. మా ఆవిడకి 47 అన్న అంకె చెప్పలేదు. ఆమె మావయ్యని అడిగి తెలుసుకుంది, తర్వాత నాతో రెండు రోజులు ముభావంగా ఉంది.

"ఎర్తింగ్ సంగతి తేలే దాకా ఏసీ మాటెత్తకు" అని నాన్న తీర్మానం. ఇక్కడ నేను గీత గీసుకున్నాను, కరెంటు పని సొంతంగా చెయ్యకూడదని. ఇంటికొచ్చి ట్రెయిలర్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ ఒకతను దొరికాడు, జూన్ 29కి టైమిచ్చాడు. వచ్చి రోజంతా చేశాడు. పాత తీగలన్నీ వదిలేసి కొత్తవి లాగాడు. బయట 30 ఆంప్స్ ఇన్‌లెట్, లోపల చిన్న బ్రేకర్ పెట్టె, ఏసీకి విడిగా 20 ఆంప్స్ లైను 12 గేజి తీగతో, మిగతా ప్లగ్గులకి షాక్ కొడితే టక్కున ఆగే రకం సాకెట్లు. రేకుకీ కింది ఇనుప చట్రానికీ ఎర్త్ కలిపాడు. లీకేజీ ఎక్కడో కూడా దొరికింది: మంచం వెనక ప్యానెల్‌కి పాత యజమాని ఎవరో దిగ్గొట్టిన స్క్రూ తీగ తొడుగుని ఒరుసుకుని బయటి రేకుని తాకుతోంది. ఆ స్క్రూ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కూలి 640, సామాను 210.

నాన్న రోజంతా అతని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు, అయినా ఒక చోట వాదన. బ్రేకర్ పెట్టెలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఎందుకు కలపలేదని నాన్న, కలపకూడదని అతను. ఇంటి మెయిన్ బోర్డులో ఒక్కచోటే కలుస్తాయి, ట్రెయిలర్లో మళ్లీ కలిపితే న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు రేకు మీదకీ పాకుతుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నాన్న ఆ బొమ్మని చాలాసేపు చూసి, "కరెక్టే" అని తలూపారు. ఆయన నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

జూలై 2న ఇంటి గోడకి 30 ఆంప్స్ ప్లగ్ పాయింటు పెట్టడానికి వేరే మనిషి వచ్చాడు. ఇది చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ట్రెయిలర్‌కి వాడే 30 ఆంప్స్ ప్లగ్గు 120 వోల్టులది. బట్టలారబెట్టే డ్రయర్లకి వాడే 30 ఆంప్స్ ప్లగ్గు 240ది. రెండూ చూడ్డానికి దాయాదుల్లా ఉంటాయి. వచ్చినతను 30 అనగానే డ్రయర్ అనుకుని రెండు పోల్స్ బ్రేకర్ బిగించేస్తున్నాడు. నాన్న వరండాలోంచి చూసి, "రెండు ఫేజులు ఎందుకు వేస్తున్నాడురా?" అని నన్ను పిలిచారు. అలాగే వదిలేసి ఉంటే మొదటిసారి ప్లగ్ పెట్టగానే ట్రెయిలర్లో ఉన్న ప్రతి వస్తువూ కాలిపోయేది. ఎవరితో పెట్టించినా పని అయ్యాక మీటర్‌తో 120 చూసుకున్నాకే ట్రెయిలర్ తగిలించండి. ఆ పాయింటుకి 380 పడింది.

ఇక కొయ్యడం. బట్టల అల్మారా అడుగు భాగంలో ఏసీ పెట్టాలని ప్లాను: ముఖం గది వైపు, వీపు బయటి గోడ వైపు. గోడకి కంత పెట్టాలి. జూలై 6న జిగ్‌సా పట్టుకుని ఆ తెల్ల రేకు ముందు అరగంట నిలబడ్డాను. అరవై ఏళ్లుగా ఎవరూ కొయ్యని రేకు. మాస్కింగ్ టేపు అతికించి, పెన్సిల్‌తో గీసి, మూడుసార్లు కొలిచి, మళ్లీ లోపలికెళ్లి కొలిచి, చివరికి మా ఆవిడ వచ్చి "మీరు కోస్తారా, నేను కొయ్యనా" అంటే కోశాను. పళ్లు జివ్వుమనే శబ్దం. లోపల గోధుమరంగు గాజు దూది, ఒక అంగుళం మందం కూడా లేదు, సగం చోట్ల కిందికి జారిపోయి గోడ ఖాళీగా ఉంది. ఎండకీ మనకీ మధ్య ఇన్నాళ్లూ ఏం అడ్డుందో అప్పుడు తెలిసింది. చెయ్యి పట్టినంత మేర కొత్త దూది కుక్కాను. చేతి తొడుగులూ మాస్కూ లేకుండా ఆ దూది ముట్టుకోకండి, రెండు రోజులు దురద వదల్లేదు నాకు.

కంత చుట్టూ కొత్త కర్ర చట్రం, కింద ప్లైవుడ్ అర, అర కింద అల్యూమినియం యాంగిల్స్. బయటికి ఒక తలుపు, సామాను గదులకి ఉండే రకం, ప్రయాణంలో మూసి, ఆగినప్పుడు తెరిచేది. ఆ తలుపు రావడానికే పదకొండు రోజులు.

జూలై 20. అంతా బిగించి, బయటి తలుపు తెరిచి, ఆన్ చేశాం. అందరం లోపల కూర్చున్నాం, అమ్మ కొబ్బరికాయ కొట్టిద్దామంది కూడా. పావుగంట చల్లగా వచ్చింది. నలభై నిమిషాలకి కంప్రెసర్ టక్కుమని ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలై, ఐదు నిమిషాలకి మళ్లీ ఆగింది. అల్మారా తలుపు తీస్తే లోపల పొయ్యి వెలిగించినట్టుంది.

నేను చేసిన తప్పేమిటంటే, కిటికీ ఏసీకి వీపు నుంచి వేడిగాలి బయటికి పోతుందని మాత్రమే చూశాను. అది బయటి గాలి ఎక్కడ నుంచి పీల్చుకుంటుంది? రెండు పక్కలా, పైనా ఉండే చీలికల్లోంచి. ఆ చీలికలు నా అల్మారా లోపల చెక్కల మధ్య ఉన్నాయి. తను వదిలిన వేడిగాలే చుట్టూ తిరిగొస్తే మళ్లీ దాన్నే పీలుస్తోంది. పాపం, ఊపిరాడక ఆగిపోయింది. మామూలు ఇంటి కిటికీలో ఈ సమస్య రాదు, ఎందుకంటే అక్కడ ఏసీ వెనక సగం గోడ దాటి బయట గాలిలో ఉంటుంది.

రేకు అడ్డాలు పెట్టి గాలి దారులు విడదీద్దామని మూడు రోజులు అట్టముక్కలతో కుస్తీ పట్టాను. కుదరలేదు. చివరికి దారి చూపింది వంటింట్లో గిన్నెల సొరుగు. దాని పట్టాలు చూస్తుంటే తట్టింది: ఏసీనే సొరుగులా చేస్తే? వంద కిలోల పైన మోసే పెద్ద స్లైడ్లు తెప్పించాను, 74 డాలర్లు. ఇప్పుడు క్యాంపుకి చేరాక బయటి తలుపు తీసి ఏసీ వెనక సగాన్ని బయటికి లాగుతాం, పక్క చీలికలన్నీ గోడ దాటి బయటికొస్తాయి, చుట్టూ మిగిలిన సందుకి రబ్బరు స్పాంజి పట్టీ నొక్కుతాం. బయల్దేరే ముందు లోపలికి తోసి ఇనుప పిన్ను పెట్టాలి. ఆ పిన్నుకి ఎర్ర రిబ్బను కట్టింది మా అమ్మాయి, మర్చిపోతానని.

జూలై 27 మధ్యాహ్నం, బయట 101, సెల్సియస్‌లో 38. గంటన్నరలో లోపల 79కి దిగింది. ఏసీలోకి పోయే గాలి 84 ఉన్నప్పుడు బయటికొచ్చే గాలి 65. పందొమ్మిది డిగ్రీల తేడా. నాన్న "పర్వాలేదు" అన్నారు.

ఆ సాయంత్రమే ఇంకోటి బయటపడింది. అల్మారా అడుగున మడిచి పెట్టిన దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. ఏసీని ఒక పావు అంగుళం బయటికి వాలుగా బిగించాను, బాగానే ఉంది, కానీ ట్రెయిలరే ఇంటి పక్కన అటు వైపు ఎత్తుగా ఉన్న నేల మీద ఆగి ఉంది. వాలు కాస్తా తిరగబడింది. దీని అడుగు పళ్లెంలో కొన్ని నీళ్లు ఎప్పుడూ నిలుస్తాయి, వెనక ఫ్యాను వాటిని చిమ్మి కాయిల్‌ని చల్లబరుస్తుంది, అందుకని పళ్లేనికి బెజ్జం కొట్టి నీళ్లన్నీ వదిలేయకూడదు. ఇప్పుడు ఎక్కడ ఆపినా ముందు బుడగ మట్టం పెట్టి, చక్రాల కింద చెక్కలు సర్ది, ఆ తర్వాతే ఏసీ.

ఆగస్టు మొదటి వారం అంతా సందులు మూయడంతో సరిపోయింది. గాలి ఎక్కడ నుంచి వస్తోందో అమ్మ కనిపెట్టింది. అగరుబత్తి వెలిగించి కిటికీల అంచుల వెంట మెల్లగా తిప్పుకుంటూ పోయింది, పొగ వంగిన చోటల్లా నేను టేపు ముక్క అంటించాను. పదిహేడు చోట్ల. ఒక్క తలుపు కిందే నాలుగు. కిటికీలకి వెండిరంగు బుడగల రేకు కత్తిరించి లోపలి నుంచి అమర్చాం, 48 డాలర్లు. డబ్బుకి తగ్గ ఫలితం దీని అంత దేనికీ రాలేదు, మధ్యాహ్నం లోపల ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గింది.

ఆగస్టు 10న పరీక్షకి ఒక రాత్రి మళ్లీ మే నెలలో పారిపోయి వచ్చిన క్యాంప్‌గ్రౌండ్‌కే వెళ్లాం. ఈసారి కరెంటు స్తంభానికీ ట్రెయిలర్‌కీ మధ్య వోల్టేజీ కాపలా పెట్టె ఒకటి కొన్నాను, 290. ఖర్చు ఎక్కువనిపించింది కానీ సాయంత్రం నాలుగింటికి దాని విలువ తెలిసింది. చుట్టూ అందరి ఏసీలూ పూర్తిగా నడుస్తున్నాయి, పెట్టె మీద అంకె 118 నుంచి 111కి, 107కి జారుతోంది. మా ఆవిడ రైస్ కుక్కర్ స్విచ్ నొక్కింది. 104 దాటి కిందికి పోగానే పెట్టె అంతా కట్ చేసింది. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ తిప్పితే అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి పాడవుతుంది, అందుకే. అన్నం ఆరింటి దాకా ఆగింది. గ్యాస్ పొయ్యి మీద వండుకోవచ్చు కదా అని అందరికీ తర్వాత తట్టింది.

మొత్తం ఖర్చు 2,248 డాలర్లు. షాపువాడు చెప్పిన 2,600కి పెద్ద తేడా ఏం లేదు, నిజం చెప్పాలంటే నా శనివారాలన్నీ ఉచితం. కాకపోతే షాపులో ఇచ్చి ఉంటే ఆ పుచ్చిపోయిన కర్రల మీదే ఏసీ పెట్టేవాళ్లేమో, ఆ స్క్రూ ఇంకా గోడలోనే ఉండేదేమో. ఇంకా మిగిలిన పనులున్నాయి. బయటి తలుపు తెలుపూ ట్రెయిలర్ తెలుపూ కలవలేదు, పక్కపక్కన చూస్తే పాలూ పెరుగూలా తేడా తెలుస్తుంది. నాలుగైదు వందల మైళ్లకోసారి ఏసీ స్క్రూలు బిగించుకోవాలి, ఇవి రోడ్డు కుదుపుల కోసం చేసినవి కావు. ఏసీ ప్లగ్గుకి టెస్ట్, రీసెట్ బొత్తాలున్న పెద్ద తల ఉంటుంది, దాన్ని అల్మారా వెనక ఇరికించాను, ఇప్పుడు అది నొక్కాలంటే చొక్కాలన్నీ తీయాలి. శబ్దం కూడా ఉంది. పదహారు అడుగుల గదిలో కిటికీ ఏసీ పక్కన మాట్లాడాలంటే కాస్త గొంతు పెంచాల్సిందే.

ఆగస్టు 31, లేబర్ డే వారాంతం, ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్. అమ్మానాన్న వెళ్లిపోవడానికి ఇంకో నెలే ఉంది. పగలంతా చెరువులో ఉన్నాం, రాత్రి తొమ్మిదింటికి లోపలికొస్తే 76. అమ్మ దుప్పటి అడిగింది. అందరం ఆ హోరులోనే నిద్రపోయాం. రెండింటప్పుడో ఎప్పుడో గది చల్లబడి కంప్రెసర్ ఆగినట్టుంది, ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. చీకట్లో అవతలి మంచం మీద నుంచి నాన్న గొంతు:

"కరెంటు పోయిందారా?"

"లేదు నాన్నా, చల్లబడి ఆగింది."

"ఓహో" అని అటు తిరిగి పడుకున్నారు.